కళ్ళద్దాల్లో సూపర్ మార్కెట్... నాకు కావాల్సింది వరి గట్టు

ఈసారి పంట గురించీ కాదు, పురుగుమందు గురించీ కాదు. మనిషి తూలకుండా నిలబడటం గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పొడుగైంది. ఇంట్లో యాభై దాటినవాళ్ళు, ఒకసారన్నా తూలిపడిన పెద్దవాళ్ళు ఉంటే మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి.

నన్ను ఎరిగినవాళ్ళకి తెలుసు, మాది తెనాలి వైపు డెల్టా. ఎకరంన్నర సొంతం, రెండెకరాలు కౌలు. సార్వాకి వరి, ఆ తర్వాత మొక్కజొన్న గానీ మినుము గానీ. పోయిన సార్వాలో, నాట్లు అయిపోయి పైరు మోకాలెత్తు వచ్చిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున మంచం మీంచి లేవబోతే ఇల్లంతా గిర్రున తిరిగింది. కళ్ళు మూసుకున్నా తిరుగుడు ఆగలేదు. రెండ్రోజులు ఒకటే వాంతులు. ఒకాయన గ్యాస్ అన్నాడు, ఇంకొకాయన బీపీ అన్నాడు, మూడో ఆయన మెడ నరాలని చెప్పి మెడకి పట్టీ వేయించాడు. మూడు వారాల తర్వాత ఒక చెవి-ముక్కు-గొంతు డాక్టరు గారు పరీక్షలు చేసి తేల్చారు. కుడిచెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే నరం వాచింది, బహుశా వైరస్ వల్ల అయ్యుంటుంది అన్నారు. వినికిడికి ఏమీ కాలేదు.

గిర్రున తిరగడం అప్పటికే తగ్గింది. తూలడం మాత్రం పోలేదు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. తారురోడ్డు మీద ఫర్వాలేదు. పొలం గట్టు ఎక్కితేనే వచ్చేది తంటా. వీపున 16 లీటర్ల ట్యాంకు తగిలించుకుని, మందు కొడుతూ పైరు వైపు తల తిప్పానా, ఎవరో చెయ్యి పట్టి ఒక పక్కకి లాగినట్టు ఉండేది. ఒకరోజు ట్యాంకుతో సహా బోదెలో పడ్డా. మందు కళ్ళల్లో పడలేదు, అంతవరకు అదృష్టం. ఆ రాత్రి మా ఆవిడ, "ఇంక చాల్లెండి, కౌలు వదిలేద్దాం, మన ఎకరంన్నర కూడా ఎవరికన్నా ఇచ్చేద్దాం" అంది. ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్న పని ఒక చెవి నరం వల్ల ఆగిపోయిద్దా అని నాకు తెల్లార్లూ నిద్ర లేదు.

డాక్టరు గారు చెప్పింది ఒకటే. "ఈ తిరుగుడు మాత్రలు మొదటి కొద్దిరోజులకే. తర్వాత కూడా మింగుతూ ఉంటే మెదడు సర్దుకోవడం ఆలస్యం అవుతుంది. ఇకనుంచి వ్యాయామమే మీ మందు." మా అమ్మాయి హైదరాబాదులో ఉంటది. అక్కడ ఒక ఫిజియోథెరపీ క్లినిక్ కి తీసుకెళ్ళింది. ఈ వర్చువల్ రియాలిటీ అనే పెట్టె మొదటిసారి నా మొహానికి తగిలించింది అక్కడే.

అది ఎలా పని చేసిద్దో తెలియాలంటే ముందు మనిషి ఎలా నిలబడతాడో తెలియాలి. నేను ఇంటర్ బైపీసీతో ఆపేసినోణ్ణి. చెవి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నా గానీ, దాని అర్థం యాభై నాలుగేళ్ళకి తెలిసింది.

మనం ఎటు ఒరుగుతున్నామో మెదడుకి ముగ్గురు కబురు చేస్తారు. కళ్ళు ఒకటి. అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు కలిపి రెండోది. లోపలి చెవి మూడోది. లోపలి చెవిలో నీళ్ళలాంటి ద్రవం నిండిన మూడు అర్ధచంద్రాకారపు గొట్టాలు ఉంటాయి. తల ఎటు తిప్పినా ఆ ద్రవం కదలికని బట్టి తెలిసిపోయిద్ది. పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో సున్నపు రేణువుల్లాంటివి. తల వంగిందా, మనిషి ముందుకి కదిలాడా అనేది అవి చెప్తాయి. తాపీమేస్త్రి రసమట్టం పెట్టి గోడ చూసుకున్నట్టు మన తలకాయలో రెండు పక్కలా రెండు రసమట్టాలు ఉన్నాయన్నమాట.

నాకు కుడిపక్క రసమట్టం దెబ్బతింది. రెండు చెవులు రెండు రకాలుగా చెప్తుంటే మెదడు ఏం చేసిద్ది? చెవుల మాట పక్కనపెట్టి కళ్ళనే నమ్ముకుంటది. తారురోడ్డు మీద కరెంటు స్తంభాలు, ఇళ్ళు కదలకుండా ఉంటాయి కాబట్టి కళ్ళు నిజమే చెప్తాయి. గాలికి ఊగే వరిచేలో నిలబడితే కంటికి కనిపించే లోకమంతా కదులుద్ది. చేను కదిలిందా, నువ్వు కదిలావా అనేది కళ్ళకి తెలియదు. "నువ్వే ఒరుగుతున్నావ్" అని అవి దొంగసాక్ష్యం చెప్తాయి. మెదడు నమ్మిద్ది. లేని ఒరుగుడుని సరిచేయబోయి నిజంగానే పడేసిద్ది. పారే కాల్వ పక్కన, గాలికి కదిలే జొన్నచేలో, తిరునాళ్ళ జనంలో కూడా ఇదే జరిగిద్ది.

పట్నాల్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళకి సూపర్ మార్కెట్లో ఇలా అవుతుందట. రెండు పక్కలా రంగురంగుల డబ్బాల అరలు, మధ్యలో నడుస్తుంటే అవన్నీ వెనక్కి పరిగెత్తడం. అందుకే అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్లో ఒక సూపర్ మార్కెట్ తయారుచేసి రోగుల్ని అందులో నడిపించి చూశారు. వాళ్ళ మనుషులు ఎక్కడ తూలుతున్నారో అదే కట్టుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తా.

వైద్యం కిటుకు ఏంటంటే, ఆ దొంగసాక్ష్యాన్ని కావాలనే, కొంచెం కొంచెంగా చెప్పించడం. కాళ్ళు గట్టి నేల మీదే ఉంటాయి, నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి వెనక ఒక మనిషి పట్టుకుంటారు. కళ్ళ ముందు మాత్రం లోకం కదులుద్ది. మొదట్లో మెదడు తికమకపడిద్ది. రోజులు గడిచేకొద్దీ "కళ్ళు చెప్పేదంతా నిజం కాదు, కాళ్ళని, మిగిలిన చెవిని కూడా అడగాలి" అని నేర్చుకుంటది. కదలిక ఎంత జోరుగా ఉండాలి, ఎంతసేపు ఉండాలి అనేది మీట తిప్పినట్టు పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఆ పెట్టె గొప్పతనం అంతా ఇక్కడే ఉంది. అసలు గట్టు మీద గాలిని తగ్గించమంటే తగ్గదుగా!

అసలు ఆలోచన మాత్రం పాతదే. 1940ల్లో ఇంగ్లండులో కాథార్న్, కుక్సీ అని ఇద్దరు డాక్టర్లు చెవి, తల దెబ్బతిన్నవాళ్ళకి ఇలాంటి వ్యాయామాలే పెట్టారు. మంచం మీద కళ్ళు తిప్పడం, తర్వాత తల తిప్పడం, కూర్చుని వంగడం, లేచి నిలబడటం, బంతి విసరడం, మెట్లు ఎక్కడం. తల తిరుగుతుందని కదలకుండా పడుకుంటే ఆ తిరుగుడు పోదు, తిరిగే పనినే కాస్తకాస్తగా చేయాలి అన్నారు. పెట్టె కొత్తది, సూత్రం మాత్రం ఎనభై ఏళ్ళ నాటిది.

నా సంగతికొస్తే, మొదటి రెండు వారాలు పెట్టె ముట్టుకోనివ్వలేదు. ఒక కార్డు మీద అక్షరం రాసి, దాన్ని చూస్తూ తల అడ్డంగా, నిలువుగా తిప్పమన్నారు. మెత్తటి స్పంజి దిమ్మ మీద నిలబడమన్నారు. తర్వాత పెట్టె తగిలించారు. ఎదురుగా ఏముందనుకున్నారు? సూపర్ మార్కెట్టే! తోపుడు బండి, అరలు, పైన లైట్లు. నిలబడ్డచోటే అడుగులేస్తూ అటూ ఇటూ చూడమన్నారు. నాలుగు నిమిషాలకే కడుపులో తిప్పింది. ఆ ఫిజియో అమ్మాయి వెంటనే తీసేసి, "అంకుల్, ఇవాళ్టికి ఇంత చాలు, రేపు ఐదు నిమిషాలు" అంది. వారానికి రెండుసార్లు, ఆరు వారాలు. మధ్యలో ఇంటి దగ్గర రోజూ మూడు పూటలా కార్డు వ్యాయామం. చివరికి ఇరవై నిమిషాలు ఉండగలిగా.

ఒకరోజు అడిగా. "అమ్మా, నేను జన్మలో ఇలాంటి కొట్లోకి నాలుగుసార్లు పోయుంటా. నేను పడేది వరి గట్టు మీద. నీ పెట్టెలో గట్టు లేదా?" ఆ అమ్మాయి నవ్వి వెతికింది. విదేశీ వీధి ఉంది, మెట్రో రైలు ఉంది, మంచు కొండ ఉంది. గట్టు లేదు. కానీ ఆ అమ్మాయి తెలివైంది. "మీ అబ్బాయి చేత పొలం వీడియో తీయించండి" అంది. వాడు గట్టు మీద నడుస్తూ, గాలికి పైరు ఊగుతుంటే ఫోన్లో పది నిమిషాలు తీసి పంపించాడు. దాన్ని గోడకున్న పెద్ద టీవీలో పెట్టి, నన్ను స్పంజి మీద నిలబెట్టి, వీపున నీళ్ళ బాటిళ్ళున్న సంచి తగిలించి తల తిప్పమంది. సూపర్ మార్కెట్లో ఇరవై నిమిషాలు నిలబడ్డవాణ్ణి, నా చేను చూస్తూ మూడు నిమిషాలకే తూలిపోయా. నాకు అసలు వైద్యం ఆ రోజు మొదలైందనిపించింది.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, పగలు గట్టు మీద మామూలుగా నడుస్తున్నా. నీళ్ళు పెట్టుకుంటున్నా, కలుపు చూసుకుంటున్నా. చీకటి పడితే టార్చీ, చేతికర్ర ఉండాల్సిందే. సన్నగట్టు మీద ట్యాంకు మోయడం మానేశా, దానికి మనిషిని పెడుతున్నా. కౌలు వదల్లేదు. అంతకుమించి గొప్పలు చెప్పను. ఆ పెట్టె వల్ల ఎంత తగ్గిందో, ఇంటి దగ్గర చేసిన వ్యాయామం వల్ల ఎంత తగ్గిందో, కాలం గడిచి ఎంత తగ్గిందో ఎవరూ విడదీసి చెప్పలేరు.

ఇది తెలిసినప్పటినుంచి నన్ను రెండు రకాల మనుషులు పట్టుకున్నారు. ఒకరు, "అదంతా డబ్బు గుంజే వేషాలు, మా తాత ఏ పెట్టె పెట్టుకున్నాడు?" అనేవాళ్ళు. ఇంకొకరు, "ఆ పెట్టె ఎక్కడ అమ్ముతారు, మా నాన్నకి కొనేస్తా" అనేవాళ్ళు. ఇద్దరిదీ తప్పే అనేది నా అభిప్రాయం.

మొదటివాళ్ళకి ఒక లెక్క చెప్తా. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఐదు దేశాల్లో, 60 నుంచి 90 ఏళ్ళ వయసున్న 302 మందిని తీసుకున్నారు. అందరూ అంతకుముందు ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు పడ్డవాళ్ళే. సగం మంది ట్రెడ్‌మిల్ మీద మామూలుగా నడిచారు. మిగతా సగం అదే ట్రెడ్‌మిల్ మీద, ఎదురుగా పెద్ద తెరలో తమ పాదాల బొమ్మ చూసుకుంటూ, అడ్డొచ్చేవాటిని దాటుతూ, దారి ఎంచుకుంటూ నడిచారు. వారానికి మూడుసార్లు, ఆరు వారాలు. ఆ తర్వాత ఆరు నెలల్లో తెర ఉన్నవాళ్ళ పడటాలు సగటున దాదాపు 12 నుంచి 6కి తగ్గాయి. ఉత్త ట్రెడ్‌మిల్ వాళ్ళవి 11 దగ్గర్నుంచి 8 పైచిలుకు దగ్గరే ఆగాయి. నడక ఇద్దరిదీ సమానమే. తేడా తెచ్చింది ఆ తెరలో అడ్డంకులు. మన పెద్దవాళ్ళు పడేది కాళ్ళల్లో బలం లేక ఒక్కటే కాదు. నడుస్తూ ఆలోచించాల్సి వచ్చినప్పుడు, పక్కనుంచి ఎవరో పిలిచినప్పుడు, అడ్డంగా కుక్క వచ్చినప్పుడు పడతారు.

రెండోవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఆ పరిశోధనలో కళ్ళకి పెట్టే పెట్టె లేదు, ఉత్త తెరే. ఇంకో లెక్క. 2017లో కోక్రేన్ అనే సంస్థ, పక్షవాతం వచ్చినవాళ్ళకి వర్చువల్ రియాలిటీ వాడిన 72 పరిశోధనల్ని, 2,470 మంది వివరాల్ని కలిపి చూసింది. మామూలు థెరపీ తీసేసి దాని బదులు ఇది పెడితే చేతి పనితనంలో అదనపు లాభం కనపడలేదు. మామూలు థెరపీకి తోడుగా, ఎక్కువ సమయం చేయించినప్పుడు కొంత లాభం కనపడింది. నడక, బ్యాలెన్స్ విషయంలో గట్టిగా చెప్పడానికి అప్పటికి ఆధారం చాల్లేదు. అంటే పెట్టె సొంతంగా మహిమ చూపించదు. మనిషి చేత ఎక్కువసార్లు, విసుగు లేకుండా చేయించినప్పుడే దానికి విలువ. ఎరువు ఉంది కదా అని నీళ్ళు పెట్టకుండా పండదు.

పైగా అందరి తూలుడూ ఒకటి కాదు. పక్కకి ఒత్తిగిలినప్పుడు, పైకి చూసినప్పుడు అరనిమిషం గిర్రున తిరిగి ఆగిపోతే, అది చాలావరకు ఆ సున్నపు రేణువులు జారి గొట్టంలోకి పోవడం వల్ల. దానికి పెట్టెతో పనిలేదు. తెలిసిన డాక్టరు తలని ఒక వరసలో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపిస్తే చాలామందికి ఒకటి రెండు సిట్టింగుల్లోనే తగ్గిపోయిద్ది. షుగరు వల్ల అరికాళ్ళు మొద్దుబారితే, కళ్ళద్దాలు ఆ స్పర్శని తిరిగి తేలేవు. మూర్ఛలు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఆ పెట్టె పెట్టుకోకూడదు. తల తిరగడంతో పాటు మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం, అసలు నిలబడలేకపోవడం ఉంటే మాత్రం రేపు చూద్దాం అనొద్దు. పక్షవాతం కావొచ్చు, ఆ నిమిషమే పెద్దాసుపత్రికి పోవాలి. కారణం తేలకుండా పెట్టె అమ్మేవాణ్ణి నమ్మొద్దు. వీధిలో ఆటల కోసం దొరికే పెట్టె తెచ్చి, వెనక మనిషి లేకుండా నాన్నకి తగిలిస్తే, ఆయన పడేది ఇంట్లోనే.

ఇక నా అసలు కోపం చెప్తా. మా వీధిలో ఒక పెద్దాయన రెండేళ్ళ క్రితం బాత్రూములో జారిపడ్డాడు. తుంటి విరిగింది. నాలుగు నెలలు మంచం పట్టి లేవకుండానే పోయాడు. ఊళ్ళో అందరం "వయసైపోయింది" అనుకున్నాం. ఆయన అంతకుముందే మూడుసార్లు తూలిపడ్డాడని తర్వాత వాళ్ళ కోడలు చెప్పింది. పట్టించుకున్నవాళ్ళు లేరు, పట్టించుకున్నా చూపించే చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడటం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. అందులో నూటికి ఎనభై మందికి పైగా మనలాంటి పేద, మధ్యతరగతి దేశాలవాళ్ళే.

నాకు సిట్టింగుకి 900 చొప్పున 12 సిట్టింగులకి 10,800 అయింది. బస్సు ఛార్జీలు, మా అమ్మాయి పెట్టుకున్న సెలవులు వేరే. నాకు హైదరాబాదులో కూతురు ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాళ్ళ సంగతేంటి? మా మండలంలో బ్యాలెన్స్ చూసే ఫిజియో ఒక్కరు లేరు. అందుకే ప్రభుత్వం పెట్టెలు కొని పంచిపెట్టాలని నేను అడగను. కొంటే అవి బీరువాలో ఉంటాయి, ఆన్ చేసేవాళ్ళుండరు. ముందు మనిషి కావాలి. వారానికి ఒక్కరోజన్నా మండలం ఆసుపత్రికి ఫిజియో రావాలి. ఒక స్పంజి దిమ్మ, ఒక బెల్టు, ఒక టీవీ ఉన్నా చాలు, పని మొదలైద్ది. పెట్టె దాని తర్వాత.

పెట్టె చేసేవాళ్ళకి ఒక మాట. ఐఐటీ గాంధీనగర్ వాళ్ళు పక్షవాతం వచ్చినవాళ్ళని ఒక పలక మీద నిలబెట్టి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చితే ఎదురుగా తెరలో బొమ్మ కదిలేలా తయారుచేశారు. మన దేశంలో చేయగలరనడానికి అదే సాక్ష్యం. మన తెలుగు పిల్లలు కంప్యూటర్ బొమ్మలు చేయడంలో ఎవరికీ తీసిపోరు. సినిమాకి మాహిష్మతి లాంటి రాజ్యాన్నే నిలబెట్టినవాళ్ళకి ఒక వరి గట్టు కట్టడం కష్టమా? గాలికి ఊగే చేను, పారే కాల్వ మీద తాటిమొద్దు వంతెన, కదిలే ఆర్టీసీ బస్సు మెట్టు, గేదె పక్కనే తిరిగే పశువుల కొట్టం, చీకట్లో పెరటి గడప. మా మనుషులు పడేది ఇక్కడ. పిట్స్‌బర్గ్ వాళ్ళు వాళ్ళ కొట్టుని కట్టుకున్నారు. మా గట్టుని కట్టాల్సింది మీరే.

ఇంతలో మనం చేయగలిగినవి ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరన్నా ఒక్కసారి తూలినా "ఏం కాలేదులే" అనకుండా ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుంటే తూలారో అడిగి ఒక కాగితం మీద రాయండి. డాక్టరుకి మాత్రల చీటీ కంటే ఆ కాగితమే ఎక్కువ పనికొస్తది. తిరుగుడు మాత్రలు నెలల తరబడి మింగుతుంటే, మీ అంతట మీరు ఆపకుండా, "ఇంకా అవసరమా?" అని డాక్టరుని అడగండి. బాత్రూములో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి, దారిలో రాత్రిపూట ఒక లైటు వేసి ఉంచండి.

నిన్న సాయంత్రం పొలంలో గాలి బాగా వీచింది. గట్టు మధ్యలో ఆగి, కావాలనే తల తిప్పి చేను వైపు చూశా. చేను ఊగింది. నేనూ కొంచెం ఊగా. పడలేదు.

ఉంటానండీ.